తిత్తి ఊదిన వానాకాలం

ఆ వానాకాలం మా ఇంట్లో అందరి కళ్ళూ నాన్న నోటి మీదే ఉండేవి.

నాన్న ఊదే వాయిద్యాలు బాగుచేస్తాడు. బ్యాండు మేళాల వాళ్ళ బాకాలు, క్లారినెట్లు, భుజానికి చుట్టుకునేంత పెద్ద ఇత్తడి బాకాలు. సొట్టలు తీస్తాడు, చిల్లులకి మాటు వేస్తాడు, మీటల కింద అరిగిపోయిన తోలు మెత్తలు మారుస్తాడు. పని ఏదైనా మొదలూ చివరా ఒక్కటే, నోట పెట్టుకుని ఊది చూడటం. "ఊళ్ళో అందరి ఎంగిలీ తిన్న మనిషి, ఇంట్లో మాత్రం గ్లాసు ఎత్తి తాగుతాడు" అని అమ్మ నవ్వేది.

ఎండలు తగ్గేసరికి ఆయన మెడ పక్కనా చంకల్లోనూ గడ్డలు కట్టాయి. రక్త కాన్సర్లలో ఒక రకం అన్నారు. యాంటీబాడీ మందు ఎక్కించాలి, వారానికొకటి చొప్పున నాలుగు, ఆ తర్వాత నెలకొకటి చొప్పున ఇంకో నాలుగు. మొదటిసారి రావడానికి అమ్మకి ధైర్యం చాల్లేదు. ఆయనతో నేను వెళ్ళాను.

వార్డులో నర్సు మా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సీసాలో నీళ్ళలా ఉన్న మందు చుక్క చుక్కగా దిగుతోంది. నేను మామూలుగా ఎవరినీ ఏమీ అడగను. ఆ రోజు మాత్రం అడక్కుండా ఉండలేకపోయాను.

"ఇంత ఒంట్లో చెడ్డ కణం ఏదో దీనికి ఎలా తెలుస్తుంది సిస్టర్?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తన చొక్కా గుండీ పట్టుకుని చూపించింది. "ఇదిగో, ఈ గుండీని చూసి పట్టుకుంటుంది అనుకో. చెడ్డ కణాలన్నిటికీ ఇదే గుండీ ఉంటుంది. చిక్కేమిటంటే, కొన్ని మంచి కణాలకీ ఇదే గుండీ. వాటినీ పట్టుకుపోతుంది."

"ఆ మంచివి ఏం చేస్తాయి?"

"ఒంట్లోకి ఏదైనా పురుగు వస్తే దాన్ని పోల్చుకుని, దానికి విరుగుడు తయారుచేసేది అవే."

"మళ్ళీ పుడతాయా?"

"పుడతాయి. కానీ మందు ఆపేశాక కూడా ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. అందాకా మనకి జలుబుతో పోయేది ఈయనకి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది." అంటూ ఆవిడ కాగితం తీసి నాన్నని అడగడం మొదలుపెట్టింది. కోళ్ళు ఉన్నాయా? లేవు. పావురాలు? లేవు. ఇంట్లో పసిపిల్లలు? లేరు. మట్టి తవ్వే పని? లేదు.

"మరి ఏం పని చేస్తారు?"

"ఊదుతానమ్మా."

"పొయ్యా?"

"బాకాలు. జనం తెచ్చిస్తే బాగుచేసి ఊది చూస్తాను."

ఆవిడ కలం పక్కన పెట్టేసింది. "వేరేవాళ్ళవి నోట్లో పెట్టుకుంటారా?"

"చెవిలో పెట్టుకుంటే మోగవు కదమ్మా."

ఆవిడ నవ్వలేదు. కాగితం అడుగున పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీసింది, ఇతరుల వాయిద్యాలు నోటికి తగలకూడదు అని. మేం ఇంటికి తెచ్చుకున్న మాట అదొక్కటే.

అమ్మ ఆ కాగితాన్ని వంటింటి తలుపుకి అంటించింది. నాన్నకి వేరే గ్లాసు, వేరే కంచం, కాచిన నీళ్ళు. చుట్టాలెవరొచ్చినా గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేసేది. పూటకోసారి ఒళ్ళు వెచ్చదనం చూసి పుస్తకంలో రాయడం నా పని. వందా పాయింటు నాలుగు దాటితే వెంటనే బయల్దేరి రమ్మన్నారు, తెల్లారనీ అని ఆగొద్దన్నారు, జ్వరం బిళ్ళ వేసి అణచొద్దన్నారు. నేను ఆ మూడూ కంఠతా పట్టాను.

నాన్నకి మాత్రం మందు కన్నా ఊరికే కూర్చోవడం కష్టంగా ఉంది. మా ఇంటి పక్క గదే దుకాణం. ఒక తలుపు, ఒక కిటికీ. ఆయన పొద్దున్నే వెళ్ళి బల్ల ముందు కూర్చుని, బాకా చేతిలోకి తీసుకుని, మాస్కు వెనకాల పెదాలు బిగించి, మళ్ళీ పెట్టేసేవాడు. నేను మూలన కూర్చుని మీటలు తుడుస్తూ చూస్తూ ఉండేదాన్ని.

రెండో మందు అయిన మర్నాడు ఆయన అటక మీంచి కొలిమితిత్తి దింపించాడు. మాటు వేసే నిప్పు రగిలించడానికి మా తాత వాడినది. దాని ముక్కుకి రబ్బరు గొట్టం తొడిగాడు, గొట్టం చివర చెక్కతో బిరడా చేసి బిగించాడు. బిరడాని బాకా నోటికి పెట్టి, "తొక్కవే అమ్మాయ్" అన్నాడు. తొక్కాను. తిత్తి బుస్సుమంది. బాకా మోగలేదు, దానికి పెదాలు కావాలి. కానీ గాలి దాని కడుపంతా తిరిగి బయటికొచ్చింది. ఎక్కడ అతుకు విడిందో అక్కడ సన్నగా చల్లగా తగులుతుంది. దాన్ని వేలితో పట్టుకోలేం, చెంపతో పట్టుకోవాలి. నాన్న మాస్కు గడ్డం కిందికి లాగి, చెంప ఆనించి, గొట్టం పొడుగునా మెల్లగా జరుపుకుంటూ పోయాడు. మూడో వంపు దగ్గర ఆగి సుద్దతో గుర్తు పెట్టాడు. అన్నాళ్ళ తర్వాత ఆయన కళ్ళు నవ్వడం అప్పుడే చూశాను.

బ్యాండు మేస్త్రి మామయ్య ఆ సంగతి విని వచ్చి గేటు అవతల నిలబడ్డాడు.

"ఏం బావా, కొత్త మనిషిని పెట్టుకున్నావట?"

"అవును బావా. నీ వాళ్ళలా కాదు, చెప్పినప్పుడు ఊదుతుంది, ఆపమంటే ఆపుతుంది."

"మోగదటగా?"

"నీ మేళంలో సగం మంది మోగుతారా ఏమిటి?"

ఆ మాటకి అమ్మ కూడా వంటింట్లోంచి నవ్వింది. ఆవిడ కాగితం వైపు చూసి, "నోరు తగలట్లేదు కదా, ఏదో ఒకటి చేసుకోనీ" అంది. మందు పనిచేస్తోంది కూడా. మూడోసారి వెళ్ళేసరికి మెడ పక్క గడ్డ చింతగింజంత అయింది. నర్సు దాన్ని తడిమి చూసి, "నోటితో ఊదట్లేదు కదా?" అంది.

"మానేశానమ్మా" అన్నాడు నాన్న. అది నిజమే.

నాలుగో మందుకి ముందు మేస్త్రి మామయ్య ఒక బండి నిండా సామాను దింపించాడు. ఏదో బడి బ్యాండువట. మేష్టరు బదిలీ అయ్యాక మెట్ల కింద గదిలో పడేసి తాళం వేశారు, మూడేళ్ళకి ఎవరికో గుర్తొచ్చింది. మొత్తం తొమ్మిది. పెద్ద బాకా ఒకటి పిల్లవాడు దూరి పడుకునేంత ఉంది.

"దీన్ని వాయించేవాడు దొరికాడా?" నాన్న అడిగాడు.

"దొరికాడు. తినేవాడే, ఊదేవాడో కాదో చూడాలి."

ఆ రోజు వాన జల్లు గదిలోకి కొడుతోందని తలుపూ కిటికీ మూసేశాం. నాన్న పెద్ద బాకాని బల్ల మీద పడుకోబెట్టాడు. నేను తొక్కాను. చాలాసేపు తొక్కాను, దాని కడుపు అంత పెద్దది. నాన్న మాస్కు కిందికి లాగి ఒక్కో వంపూ చెంపతో చూసుకుంటూ, చివరికి ఆ పెద్ద గరాటు మూతి దగ్గరికి వచ్చి, గాలి ఎంత బలంగా వస్తోందో అని మొహం అంతా లోపలికి పెట్టాడు. "ఇంకొంచెం" అన్నాడు లోపల్నుంచి. గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. నేను నవ్వుకుంటూ ఇంకొంచెం తొక్కాను.

నాలుగో మందు అయిన వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. మర్నాడు మధ్యాహ్నం నా పుస్తకంలో నూట ఒకటి రాశాను. రాసిన చేత్తోనే గొడుగు తీశాను.

ఆసుపత్రిలో ఫోటోలు తీసి, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు. పెద్ద మందులే ఎక్కించారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నాన్న మంచంలో చిన్నగా అయిపోయినట్టు కనిపించాడు.

డాక్టరమ్మ అమ్మనీ నన్నూ వరండాలోకి పిలిచింది. చిన్న గొంతు, తొందరపడని మనిషి.

"ఏ పురుగో దొరకలేదు. అది తేలేదాకా అయిదో మందు ఎక్కించలేను, ఉన్న కాస్త కాపలా కూడా పోతుంది. ఎక్కించకుండా నెలలు గడిపితే గడ్డలు తిరిగొస్తాయి."

"ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నమాట" అంది అమ్మ. ఆ తర్వాత అమ్మకి దొరికినవాళ్ళందరూ దొంగలే అయ్యారు. "మేస్త్రి అన్నయ్య గేటు దగ్గర తుమ్మాడు. పాలావిడకి మొన్న పడిశం. ఈ పిల్ల జల్లులో తడిసొచ్చి ఆయన పక్కన కూర్చుంది."

డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా విని, లోపలికొచ్చి నాన్నని మళ్ళీ అవే అడిగింది. కోళ్ళు, పావురాలు, మట్టి, పాత గోడలు కూలగొట్టడం. అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.

"వాయిద్యాలు నోటితో ఊదారా? నిజం చెప్పండి, నేనేమీ అనను."

ఆయన కష్టం మీద చెయ్యెత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "ఒట్టమ్మా. పెదవి కూడా తగల్లేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. అమ్మ కళ్ళొత్తుకుంటోంది. నేను ఆ మాటల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అడిగింది సరైన ప్రశ్నే. చెప్పింది నిజమే. అయినా ఆయన ఇలా పడుకుని ఉన్నాడు. అబద్ధం చెప్పిన వాళ్ళెవరూ లేనప్పుడు తప్పు ఎక్కడుంటుంది? అలా ఆయన్ని చూస్తూ చూస్తూ ఆక్సిజన్ గొట్టం వెంటే నా చూపు పోయింది. గోడ నుంచి మంచం మీదికి, దిండు మీంచి చెంప మీదికి, అక్కణ్ణుంచి ముక్కులోకి. నోట్లోకి కాదు.

బట్టలు తెస్తానని చెప్పి ఇంటికి బయల్దేరాను.

దుకాణం తలుపు తీయగానే వాసన కొట్టింది. మూత పెట్టి మర్చిపోయిన అన్నం గిన్నె వాసన, దాని కింద తడి గోనె వాసన. తొమ్మిదీ అలాగే ఉన్నాయి. ఈ వాసన ఆ రోజూ ఉంది. నేను పీల్చాను, ఊరుకున్నాను.

మా ఊరి బళ్ళో ప్రయోగశాల అంటే ఒక బీరువా, దాని తాళం చెవి ఎప్పుడూ దొరికేది కాదు. మా సైన్సు మాస్టారు అందుకని మాటలతోనే ప్రయోగాలు చేయించేవారు. "ఒక్కటి చేసి చూస్తే అది చూడటం. పక్కన రెండోది పెట్టి చూస్తేనే ప్రయోగం" అనేవారు. నేను పెట్టెలోంచి తెల్లటి పాత పంచె తీసి రెండు ముక్కలు చింపి తడిపాను. మాస్కు మీద మాస్కు పెట్టుకుని, తిత్తినీ పెద్ద బాకానీ ఒకదాని తర్వాత ఒకటి చూరు కిందికి, బయటి గాలిలోకి ఈడ్చాను.

మొదటి గుడ్డ ఉట్టి తిత్తి గొట్టానికి కట్టాను. వంద తొక్కులు. విప్పి చూస్తే కాస్త మసి, అంతే. రెండోది బాకా పెద్ద మూతికి బిగించాను. మళ్ళీ వంద. లెక్క తప్పితే మొదటికొచ్చి మళ్ళీ లెక్కపెట్టాను. విప్పేటప్పుడు ఎలా ఉంటుందా అని నిజంగానే కుతూహలంగా ఉంది, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. గుడ్డ మీద పచ్చగానూ నల్లగానూ పొడి, వేలితో అద్దినట్టు చుక్కలు చుక్కలుగా. నేను ఆ రోజు ఇంతకి అయిదారింతలు తొక్కి ఉంటాను.

రెండు గుడ్డల్నీ రెండు మూత సీసాల్లో పెట్టి, పైన కాగితం అంటించి, ఏది ఏదో రాశాను. బట్టలు మర్చిపోయాను.

వార్డుకి తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ నాన్న దగ్గరే ఉంది. బయటికి పిలిచి చెబుదామనుకున్నాను. ఆవిడే నా చేతిలో సీసాలు చూసి, "ఏమిటవి?" అంది. అమ్మ చూసింది. నాన్న కూడా చూశాడు. ఇక దాచడానికి లేదు. తిత్తి గురించి చెప్పాను, చెంప గురించి చెప్పాను, తలుపులు మూసిన సంగతి, మూతిలో మొహం పెట్టిన సంగతి. మధ్యలో నర్సు వచ్చి నా వెనక నిలబడింది. నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే.

డాక్టరమ్మ సీసా మూత తీయలేదు. వెలుతురుకి పట్టి చూసింది. రెండోదాన్నీ చూసింది.

"ఈ పొడి లేని గుడ్డ ఎందుకు?"

"తిత్తిదా, బాకాదా అని తెలియడానికండీ."

ఆవిడ తల ఊపింది. "ఈ గుడ్డ మీదున్న బూజే ఈయన ఊపిరితిత్తుల్లో ఉందని నేను చెప్పలేను. కానీ వెతకాల్సిన చోటు తెలిసింది." నర్సు వైపు తిరిగి ఏదో మందు పేరు చెప్పింది. "ఫలితం వచ్చేదాకా ఆగొద్దు. ఇప్పుడే మొదలుపెట్టండి. రేపు పొద్దున ఊపిరితిత్తి లోపల కడిగి ఆ నీళ్ళు పరీక్షకి తీద్దాం."

ఆవిడ వెళ్ళాక నర్సు నా చెవి పట్టుకున్నంత పనిచేసింది. "నువ్వూ పీల్చి ఉంటావు కదే! బుద్ధుందా?"

"రెండు మాస్కులు పెట్టుకున్నాను సిస్టర్."

"ఆయనా నోరు తగలనివ్వలేదుగా! మీ ఇంటిల్లిపాదికీ తెలివి కొంచెం ఎక్కువే. తప్పు నాది కూడా. నోటి గురించి రాశాను, ముక్కు గురించి రాయలేదు."

అమ్మ సీసా వంకే చూస్తూ మెల్లగా అంది. "తొక్కింది నువ్వేగా."

"నేనేనమ్మా."

ఆవిడ కాసేపటికి నా తడిసిన కొంగు పట్టుకుని తన చీర చెంగుతో తుడిచింది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

అయిదు రోజులకి పరీక్ష ఫలితం వచ్చింది. బూజే. అప్పటికే జ్వరం దిగడం మొదలైంది. నేను పుస్తకంలో నూట ఒకటి, వంద, తొంభై తొమ్మిది అని ఒకదాని కింద ఒకటి రాస్తూ, ఆ అంకెలు మెట్లు దిగుతున్నట్టు చూసుకునేదాన్ని. ఇంకో రెండు వారాలకి ఇంటికి పంపారు. బూజు మందు నెలల తరబడి మింగాలి. ఏడాది దాకా దుకాణం గడప తొక్కకూడదు. ఈసారి కాగితం మీద నర్సు పక్కపక్కనే మూడు రాసింది: నోరు, ముక్కు, గాలి.

మేస్త్రి మామయ్య వచ్చి, గేటు అవతల చాలాసేపు తల దించుకుని నిలబడ్డాడు. "ఆ సామాను తిరిగి పంపించేస్తాను బావా. దాని మొహం నేను చూడలేను."

నాన్న కిటికీలోంచి, "బాగుచేస్తామని తీసుకున్నాం. పంపించొద్దు" అన్నాడు. నా వైపు చూశాడు. నేను మాస్కు తీసుకుని దుకాణంలోకి వెళ్ళాను.

అలా మొదలైంది. తొమ్మిదింటినీ ఊరి చివర ఖాళీ స్థలానికి పట్టుకెళ్ళి విప్పి, సబ్బు నీళ్ళలో నానబెట్టి, పొడుగాటి కుంచెలు దూర్చి కడిగాను. మొదటి నీళ్ళు మురుగు కాలవలా వచ్చాయి. ఏడో నీళ్ళు తేటగా వచ్చాయి. నాన్న ఇంట్లో కిటికీ పక్కన కూర్చునేవాడు. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చి, మూడో వంపులో ఇలా ఉంది, రెండో మీట ఇలా నిలిచిపోతోంది అని చెబితే, ఆయన గాల్లోనే చేతులు తిప్పి ఎలా విప్పాలో చూపించేవాడు. అలా మాట్లాడుకోవడం మాకు అదివరకు లేదు. ఇరవై రెండేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నాం.

యాంటీబాడీ మందు ఆగిన రెండు నెలలకి మచ్చలు చాలామటుకు పోయాయని, అయిదోది ఎక్కించొచ్చని చెప్పారు. ఆ లోపల మెడ పక్క గడ్డ పెరగలేదు. వానలు వెనకపట్టాయి. మళ్ళీ ఆయనతో నేనే వెళ్ళాను. అదే వార్డు, అదే నీళ్ళలాంటి మందు. నర్సు సూది పెట్టి, గొట్టం సరిచేసి, వేరే మంచం దగ్గరికి వెళ్ళింది.

ఎన్నాళ్ళుగానో నాలో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది.

"నాన్నా, ఆ రోజు ఆ సామాను దింపినప్పుడే నాకు బూజు వాసన వచ్చింది. చెప్పలేదు."

ఆయన పైకప్పు మీంచి చూపు నా వైపు తిప్పాడు.

"నాకూ వచ్చిందే" అన్నాడు.

"మరి?"

"ముప్పై ఏళ్ళుగా వస్తూనే ఉంది. ఎక్కడో మూల పడేసినవే కదా మన దగ్గరికొచ్చేది. ఆ వాసన తగిలిందంటే నాకు ప్రాణం లేచొచ్చేది, ఇవాళ పని వచ్చింది అని."

ఆయన సూది లేని చేత్తో నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు తిప్పి చూశాడు. ఇత్తడి పాలిష్ గోళ్ళ చుట్టూ నల్లగా పట్టి ఉంది. దాన్ని బొటనవేలితో కాసేపు రుద్దాడు, పోలేదు.

"ఇది మూడు రోజులకి గానీ వదలదు" అన్నాడు. "ఈలోపు కొత్తది అంటుకుంటుంది."